విశ్వము కుటుంబమగుట ఎట్లు?

విద్యాస్థానమునకు విచ్చేసిన పెద్దను అతిథిగా గౌరవించి, ఆయన నోట నాలుగు మంచిమాటలు వినుట ఈ దేశమున క్రొత్త ఆచారము కాదు. జనకుని సభకు యాజ్ఞవల్క్యుడు వచ్చెను. నైమిశారణ్యమున శౌనకాది మహర్షుల సత్రయాగమునకు సూతుడు వచ్చెను. వచ్చినవాడు చెప్పెను, ఉన్నవారు వినిరి. నేటి విశ్వవిద్యాలయములందు జరుగుచున్న అతిథిప్రసంగములు ఆ సంప్రదాయమునకు దూరపు బంధువులే. రాయబారులుగా పనిచేసినవారు, మంత్రిపదవులు నిర్వహించినవారు, పెద్దసంస్థలను నడిపినవారు వేదికనెక్కి ప్రపంచపౌరసత్వమును గూర్చియు, నాయకత్వమును గూర్చియు, దేశదేశముల వ్యవహారములను గూర్చియు ఉపన్యసింతురు. స్వదేశముననే కాక అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశములందును ఎందరో తెలుగుబిడ్డలు అట్టి సభలలో కూర్చుండి వినుచున్నారు. సరిహద్దులు మానవుడు గీసినవనియు, భూమి అంతయు ఒక్కటే ఇల్లనియు, అందరును విశ్వపౌరులు కావలెననియు వారికి బోధింపబడుచున్నది. భారతదేశపు అధ్యక్షతన 2023 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన జి-20 దేశాధినేతల సమావేశమునకును ఈ వసుధైక కుటుంబభావనయే ముఖ్యవాక్యమైనది.

మాట మంచిది. మంచిమాట వినుట పుణ్యము. ఐనను విచారింపదగిన ప్రశ్న ఒకటి కలదు. విశ్వము ఒక కుటుంబమను మాట ఎవరి నోట సత్యమగును? అది చెప్పుటకు వక్తకు కావలసిన అర్హత ఏమి? విన్న పిదప శ్రోతకు కలుగు బాధ్యత ఏమి? చప్పట్లతో ముగిసిపోవు ప్రసంగమునకును, జీవితమును మార్చు ప్రసంగమునకును భేదమెక్కడ నున్నది?

ఒక వాక్యము - మూడు నోళ్లు

ఈ విషయమున సంస్కృత వాఙ్మయము ఒక విచిత్రమైన పాఠమును దాచియుంచినది. భూమియంతయు ఒకే కుటుంబమను ఆ ప్రసిద్ధవాక్యము గ్రంథములలో ఒక్కచోట కాక పలుచోట్ల కనబడును. కాని దానిని పలికినవారు ఒక్కతీరువారు కారు.

మహోపనిషత్తునందు అది ఉదారచిత్తుని లక్షణముగా వచ్చును. లోపల ఆశలను విడిచి, వెలుపల లోకధర్మములను నెరవేర్చుచు సంచరించు మహాత్ముని స్థితిని వర్ణించుచు, ఇతడు నావాడు, అతడు పరాయివాడు అను లెక్క అల్పబుద్ధులదే అని అచట చెప్పబడినది. అది సాధించిన వాని స్థితి. సాధింపని వాని నినాదము కాదు.

హితోపదేశమున అదే వాక్యమును పలికినది ఒక నక్క! మిత్రలాభమున చిత్రాంగుడను లేడియు, సుబుద్ధియను కాకియు స్నేహితులు. లేడి మాంసమునకు ఆశపడిన క్షుద్రబుద్ధియను నక్క వచ్చి చెలిమి కోరెను. కులశీలములు తెలియనివానిని నమ్మరాదని కాకి హెచ్చరించెను. అప్పుడు నక్క ఈ విశ్వకుటుంబవాక్యమును ఉదహరించెను. సరళహృదయమైన లేడి కరగిపోయెను. కొన్నాళ్లకు నక్క దానిని పైరుచేనికి మరపి, వలలో చిక్కునట్లు చేసెను. పాశమును పండ్లతో కొరికి విడిపింపుమని లేడి వేడుకొనగా, ఈ త్రాళ్లు నరములతో పేనినవి, నేడు ఆదివారవ్రతము, వీనిని పండ్లతో ఎట్లు తాకుదునని నక్క పలికెను! విశ్వకుటుంబమును గూర్చి చెప్పిన నోటికే పాశమును కొరుకవలసిన వేళ వ్రతము అడ్డువచ్చినది. తుదకు లేడిని రక్షించినది ఆ గొప్పమాటను పలుకని కాకి ఉపాయమే.

పంచతంత్రమున మూడవ నోరు వినబడును. నలుగురు బ్రాహ్మణ మిత్రులలో ముగ్గురు శాస్త్రపండితులు. ఒకడు శాస్త్రము చదువనివాడు, కాని బుద్ధిమంతుడు. ధనార్జనకై పరదేశమునకు పోవుచు, చదువులేనివానికి భాగమీయనేల అని ఒకరు తలచిరి. చిన్ననాటి నుండి కలిసి ఆడుకొన్నవాడు, వానిని విడువరాదని వారిలో ఒకడు ఈ వాక్యమునే చెప్పి వానిని వెంట తీసికొనిపోవునట్లు చేసెను. ఇది నక్క మాటవలె కపటము కాదు, నిజమైన దయయే. కాని అడవిలో సింహపు ఎముకలు కనబడినప్పుడు, విద్యాబలముతో దానిని బ్రతికింపబూనిన పండితులు, వలదని ఆ నాలుగవవాడు చెప్పిన మాటను పెడచెవిని పెట్టిరి. అతడు చెట్టెక్కి బ్రతికెను. వారు సింహమునకు ఆహారమైరి. వానికి ధనములో భాగమిచ్చుటకు అంగీకరించిరి కాని, ఆలోచనలో భాగమీయలేదు. చిన్నవానిని పంక్తిలో కూర్చుండబెట్టుకొనుట ఒక మెట్టు. వాని మాటకు చెవియొగ్గుట అంతకంటె పై మెట్టు. ఆ రెండవ మెట్టు ఎక్కనంతవరకు కుటుంబము పేరునకే కుటుంబము.

వాక్యము ఒక్కటే. ముని నోట అది అనుభవము, నక్క నోట అది ఎర, పండితుని నోట అది సగము పండిన దయ. కావున వాక్యపు సత్యము వాక్యములో లేదు. పలికినవాని నడతలో నున్నది.

స్వాధ్యాయ ప్రవచనములు

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి ఈ విషయమును స్పష్టము చేయుచున్నది. ఋతము, సత్యము, తపస్సు, దమము, శమము, అగ్నిహోత్రము, అతిథిసేవ, మానుషధర్మము, సంతానపాలనము మున్నగు విధులను ఒక్కొక్కదానిని పేర్కొని, ప్రతిదాని ప్రక్కను స్వాధ్యాయ ప్రవచనములను చేర్చినది. ప్రవచనమనగా ఇతరులకు చెప్పుట. దానిని విడిగా ఒక వృత్తిగా ఉపనిషత్తు నిలుపలేదు. సత్యముతో కూడ ప్రవచనము. అతిథిసేవతో కూడ ప్రవచనము. తోటిమనుష్యుల యెడల నెరపవలసిన మర్యాదతో కూడ ప్రవచనము. జతవీడిన ప్రవచనము ఒంటిచక్రపు బండి వంటిది.

అదే వల్లిలో చదువు ముగించి ఇంటికి పోవు శిష్యునకు ఆచార్యుడు చేయు ఉపదేశము కలదు. నేటి స్నాతకోత్సవ ప్రసంగములకు అదియే మూలపురుషుని వంటిది. అందు ఆచార్యుడు, మాలో ఏవి సచ్చరితములో వానినే అనుసరింపుము, తక్కినవి వలదు అని శిష్యునితో స్పష్టముగా పలికెను. వేదికపై నిలిచి ఇట్లు చెప్పుటకు ఎంత వినయము కావలెను! కర్తవ్యమున సందేహము కలిగినచో ఎవరిని చూచి నడుచుకొనవలెనో కూడ చెప్పెను. విచారశీలులై, ధర్మమును కోరువారై, కాఠిన్యము లేనివారై యుండు పెద్దల నడతను చూడుమనెను. బిరుదులను చూడుమని గాని, వాక్పటిమను చూడుమని గాని చెప్పలేదు. గీతాచార్యుడును శ్రేష్ఠుడు ఆచరించినదానినే లోకము అనుసరించునని బోధించెను. నాయకత్వమునకు ఇంతకు మించిన నిర్వచనము అక్కరలేదు.

కాశీలో ఒక ప్రసంగము

ఇది ఉపనిషత్కాలమునకే చెల్లునా, నేటి విశ్వవిద్యాలయములకును వర్తించునా అని సంశయింపనక్కరలేదు. 1916 ఫిబ్రవరిలో కాశీ హిందూ విశ్వవిద్యాలయపు శంకుస్థాపన మహోత్సవములు జరిగినవి. పండిత మదనమోహన మాలవ్యా గారి సంకల్పము ఫలించిన శుభసమయమది. వైస్రాయి వచ్చెను, సంస్థానాధీశులు రత్నాభరణములతో వచ్చిరి. ఆ సందర్భమున ప్రసంగింప ఆహూతులైనవారిలో, దక్షిణాఫ్రికా నుండి తిరిగివచ్చి సంవత్సరము దాటిన గాంధీమహాత్ముడు ఒకరు.

ఆయన సభను పొగడలేదు. పవిత్రమైన కాశీనగరమున స్వదేశీయులతో పరభాషలో మాటలాడవలసి వచ్చినందుకు సిగ్గుపడుచున్నాననెను. విశ్వనాథుని దర్శనమునకు పోయినప్పుడు ఆలయపు సందులలో చూచిన మురికిని ప్రస్తావించి, దేవుని ముంగిలినే శుభ్రముగ నుంచుకొనలేనివారు స్వపరిపాలనకు ఎట్లు అర్హులగుదురని ప్రశ్నించెను. ఆభరణములను తీసి దేశప్రజల కొరకు నిక్షేపముగ భావించిననే గాని ఈ దేశమునకు విముక్తి లేదని ప్రభువుల యెదుటనే చెప్పెను. వేదికపై నున్న అనీబిసెంటు గారు ప్రసంగమును ఆపుమనిరి, విద్యార్థులు చెప్పుమనిరి. ప్రముఖులు కొందరు లేచిపోయిరి. ప్రసంగము పూర్తికాకయే సభ ముగిసెను.

అతిథిమర్యాదకు ఇది భంగము కాదా అని కొందరు నాడును తలచిరి, నేడును తలపవచ్చును. ఆ సంశయము తేలికగా త్రోసివేయదగినది కాదు. ప్రియముగా పలుకుట ధర్మమే. కాని ప్రియమునకును హితమునకును పొంతన కుదరనప్పుడు అతిథి ఏది పలుకవలెను? విభీషణుడు లంకాసభలో హితము పలికి నిందలు పొందెను. పిదప శ్రీరాముని శరణు చొచ్చెను. ఇచ్చకములాడిన మంత్రులు గౌరవము పొంది లంకను ముంచిరి. వక్త తాను చెప్పు మాటకు మూల్యము చెల్లించుటకు సిద్ధముగ నున్నచో ఆ కఠినవాక్యమునకు అర్హుడు. పరులను నొప్పించి తాను మెప్పు పొందగోరినచో కాడు. గాంధీ ఆశ్రమవాసియై, పాకీపనితో సహా సమస్తమును స్వయముగ చేయుచుండెను. కావున ఆ సందుల మురికిని గూర్చి మాటలాడు అధికారము ఆయనకు ఉండెను.

అసలు విశేషము పిదప జరిగినది. ఆ ప్రసంగవృత్తాంతమును పత్రికలో చదివినవారిలో కాశీకి వచ్చిన ఇరువదియేండ్ల మహారాష్ట్ర యువకుడొకడుండెను. పరీక్ష వ్రాయుటకు బయలుదేరి, నడుమ రైలు మార్చుకొని, బ్రహ్మజిజ్ఞాసతో కాశీ చేరినవాడతడు. అతడు గాంధీకి జాబులు వ్రాసెను; ఆయన పిలుపునందుకొని అదే సంవత్సరము జూన్‌లో అహమదాబాదు చెంతనున్న ఆశ్రమమున చేరెను. ఆయనయే వినోబా భావే. సభలో కూర్చున్న ప్రభువులు లేచిపోయిరి. సభలో లేని ఒక విద్యార్థి ఆ మాటను మోసికొనిపోయెను.

ఆ మాట తెలుగునేలపై పండుటకు ముప్పదియైదేండ్లు పట్టినది. 1951 ఏప్రిల్ 18వ తేదీన తెలంగాణమున కాలినడకన తిరుగుచున్న వినోబా పోచంపల్లి చేరెను. భూమికై రక్తము ప్రవహించిన కాలమది. గ్రామమునందలి నలుబది దళిత కుటుంబములు బ్రతుకుటకు ఎనుబది ఎకరములు కావలెనని కోరినవి. ప్రభుత్వము నుండి వచ్చువరకు ఆలస్యమగునని, ఊరివారిలోనే ఈయగలవారున్నారా అని ఆయన అడిగెను. వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి నూరెకరములు ఇచ్చుచున్నాననిరి. భూదానోద్యమము అట్లు పుట్టినది. పిమ్మట వినోబా దేశమంతట నడచెను. దానముగ వచ్చిన భూములలో కొన్ని సాగుకు పనికిరానివి. పంపకము కానివి కూడ చాల కలవు. అది ఉద్యమపు లోపము, దాచవలసినది కాదు. ఐనను జయ జగత్ అను నినాదమును లోకమునకు ఇచ్చిన ఆ మహనీయుడు జగత్తునకు జయము కోరుటకు ముందు ఒక పల్లెలో నలుబది కుటుంబముల ఆకలిని విన్నాడని మరువరాదు. విశ్వపౌరసత్వము అంత చిన్నచోట ఆరంభమగును.

కుటుంబమునకు తండ్రి

ఇంతవరకు విచారించినది నడత. ఇక తత్త్వము. విశ్వము కుటుంబమని చెప్పినచో, కుటుంబమునకు పెద్ద ఎవరు? తల్లిదండ్రులు లేనిచో అన్నదమ్ములనుట ఎట్లు? వర్తకము వలన కలిసినవారు లాభమున్నంతవరకు కలిసియుందురు. భయము వలన కలిసినవారు భయము తీరిన వెంటనే విడిపోవుదురు. ఒప్పందములు అవసరములే, కాని ఒప్పందము బంధుత్వము కాదు.

శ్రీవైష్ణవ సంప్రదాయము ఈ చిక్కును విప్పుచున్నది. జీవునకు శ్రియఃపతికి గల సంబంధములను పిళ్ళైలోకాచార్యులు తొమ్మిదిగా లెక్కించి, మొదట తండ్రిబిడ్డల సంబంధమును చెప్పిరి. ఆ సంబంధము మానవుడు కల్పించినది కాదు, కావున మానవుడు త్రెంచగలిగినది కాదు. విశిష్టాద్వైతమున చేతనాచేతనాత్మకమైన జగత్తు సర్వము నారాయణునకు శరీరము. ఒకని చేతిని పొడిచి ముఖమునకు పూజచేయువాడు భక్తుడగునా? సర్వభూతములను అవమానించుచు విగ్రహమును మాత్రము అర్చించువాని పూజ భస్మమునందు వేసిన ఆహుతి వంటిదని భాగవతమున కపిలభగవానుడు తల్లియగు దేవహూతికి చెప్పెను. ఇది అర్చను తక్కువచేయుట కాదు, అర్చకు ప్రాణముపోయుట.

ఈశ్వరుని నమ్మనివాడు పరోపకారము చేయడా అని అడుగవచ్చును. చేయును, అట్టివారు లోకమున కలరు, వారు పూజ్యులు. తండ్రి పేరు తెలియకయే తమ్ముని ఎత్తుకొన్న అన్న వంటివారు వారు. తండ్రి పేరు నిత్యము జపించుచు తమ్ముని నెట్టివేయువాని కంటె వారే మేలు. నమ్మినవానికి బాధ్యత హెచ్చు, తగ్గు కాదు.

ప్రహ్లాదుడు ఏ దేశమునకును పయనము చేసినవాడు కాడు. గురువులు ఇంటిపనులపై పోయినప్పుడు తోడి రాక్షసబాలురను చేరదీసి, హరి సర్వభూతములందును ఉన్నాడు గనుక అసురభావమును విడిచి సర్వభూతములయందు దయయు మైత్రియు కలిగియుండుడని ఆ బాలుడు చేసిన ప్రసంగమునకు మించిన విశ్వపౌరోపదేశము మరియొకటి లేదు. అది వట్టిమాట కాదు. తండ్రి పెట్టిన బాధలన్నింటిని ఓర్చిన నోట వచ్చినది. పిదప నృసింహుని యెదుట, ఈ దీనులను విడిచి తానొక్కడు ముక్తిపొందనొల్లననెను. తన్ను హింసించిన తండ్రికే పవిత్రతను వరముగ కోరెను. విశ్వమును ప్రేమించుటకు ఇంటిని విడనాడవలెనను భ్రమకు ఇదియే ఉత్తరము.

రంతిదేవుడు నలుబదియెనిమిది దినములు నీరైన లేక కుటుంబముతో కృశించి, దొరికిన అన్నమును ఒకరి తరువాత ఒకరుగా వచ్చిన అతిథులకిచ్చి, మిగిలిన నీటిని దప్పికతో వచ్చిన చండాలునకు పోసెను. అతడు భూపతి, భూమియంతయు కుటుంబమని ప్రకటనము చేయలేదు. దోసెడు నీళ్లతో దానిని నిరూపించెను.

భగవద్రామానుజులు పదునెనిమిది మారులు తిరుక్కోష్టియూరు నంబిగారి యొద్దకు నడచి మంత్రార్థమును పొందిరని, గురువాజ్ఞను మీరి దానిని అందరికి తెలిపినచో నరకము తప్పదని తెలిసియు, ఇందరు తరించుచుండగా తానొక్కడు నరకమున పడిననేమి అని ఆలయమునెక్కి ప్రకటించిరని గురుపరంపరాగాథ. తొలుత కోపించిన గురువే ఆ హృదయమును చూచి ఆయనను కౌగిలించెను. ఎత్తైన చోట నిలిచి లోకమునకు మాటలాడుట నాయకత్వము కాదు. ఆ మాటకు రాగల నష్టమును తనపై వేసికొని, లాభమును క్రిందనున్నవారికి విడుచుట నాయకత్వము.

పంక్తియు వరుసయు

ఇదంతయు మహాత్ముల కథ, సంసారులకు చేతనగునా అనిపింపవచ్చును. చేతనగునది కొంత కలదు. తిరుమలలో 1985లో నిత్యాన్నదానము ప్రారంభమైనది. అచట పంక్తిలో కూర్చున్న భక్తునకు ప్రక్కవాని భాష తెలియదు, ఊరు తెలియదు, కులము తెలియదు. విస్తరిలో పడునది ఒకే స్వామి ప్రసాదము. ఏ ఉపన్యాసకుడును లేకయే విశ్వకుటుంబము అచట దినదినము కూర్చుండి భుజించుచున్నది. అదే భక్తుడు కొన్ని గడియలకు ముందు దర్శనపు వరుసలో ముసలమ్మను మోచేతితో నెట్టి ముందునకు పోయినవాడు కావచ్చును. పంక్తిలో బంధువైనవాడు వరుసలో పరాయివాడగుటయే మానవుని వ్యాధి. ఈ రెంటిని కలుపుటయే సాధన.

కావున పరదేశమున చదువుకొను బిడ్డ, నేడు మా విశ్వవిద్యాలయమున ఒక పెద్ద వచ్చి విశ్వపౌరసత్వమును గూర్చి అద్భుతముగ చెప్పినాడని ఫోనులో తెలిపినప్పుడు, తల్లిదండ్రులు సంతోషింపవలెను. ఆ మాటలను పరిహసింపరాదు. కాని ఒక్క ప్రశ్న మాత్రము మెల్లగా అడుగవలెను: నీ ప్రక్కగదిలో జ్వరముతో పడియున్న పొరుగుదేశపు విద్యార్థికి నేడు గంజి కాచి ఇచ్చినవారున్నారా నాయనా? ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు బిడ్డ లేచి పోయినచో, ఆ ప్రసంగము ఫలించినట్లే. అదే ప్రశ్నను తల్లిదండ్రులును తమ వీధిని చూచుకొని తమకు తాము వేసికొనవలెను.

సర్వలోకశరణ్యుడగు శ్రీ వేంకటేశ్వరుడు, వక్తలకు ఆచరణయందు నిష్ఠను, శ్రోతలకు విన్నదానిని మోయు బలమును, భక్తకోటికి ప్రక్కవానియందు తన్నే దర్శించు చూపును అనుగ్రహించుగాక!